కాటా ఎటు పోయింది? యూఎస్‌బీ పరికరాలకు నిలకడైన పేర్లు

కిరాణా కొట్టు కౌంటరు మీద ఒక లైనక్స్ కంప్యూటర్ అనుకోండి. దానికి రెండు యూఎస్‌బీ-సీరియల్ కేబుళ్ళు. ఒకదాని చివర కాటా, ఇంకోదాని చివర కొనేవాళ్ళకు ధర చూపించే చిన్న డిస్‌ప్లే. లైనక్స్‌లో ఇలాంటి పరికరం /డెవ్ ఫోల్డర్‌లో ఒక ఫైలులా కనిపిస్తుంది. బిల్లింగ్ ప్రోగ్రాములో కాటా అంటే /డెవ్/టీటీవైయూఎస్‌బీ0 అనీ, డిస్‌ప్లే అంటే /డెవ్/టీటీవైయూఎస్‌బీ1 అనీ రాసి పెట్టారు. నెల రోజులు ఏ గొడవా ఉండదు. ఒకరోజు కరెంటు పోయి వస్తుంది. కంప్యూటర్ మళ్ళీ లేచాక కందిపప్పు తూచబోతే తెర మీద తూకం రాదు. ఎర్రర్ కూడా రాదు. ప్రోగ్రాము పోర్టు తెరిచింది, వేగం 9600 పెట్టుకుంది, తూకం కోసం కూర్చుంది. అవతల ఉన్నది డిస్‌ప్లే. దానికి వినడమే తప్ప మాట్లాడటం రాదు. అటు కాటాకేమో మొత్తం ఎంతయిందో చెప్పే అక్షరాలు వెళ్ళిపడుతున్నాయి.

ఫైలే దొరకలేదని చెప్పి ప్రోగ్రాము ఆగిపోతే బాగుండేది, అరగంటలో ఎవరో ఒకరు పట్టుకునేవారు. తప్పు పరికరం తలుపు కూడా అదే పేరుతో, అంతే సులువుగా తెరుచుకోవడమే ఇక్కడి చిక్కు. కేబుల్ మార్చి చూస్తారు, కాటాను రిపేరుకు పంపుతారు, చివరికి ఎవరో రెండు కేబుళ్ళూ పీకి వరసగా పెట్టమంటారు. అలా పెడితే పనిచేస్తుంది కూడా, మళ్ళీ కరెంటు పోయేదాకా.

ఆ చివరి సున్నా, ఒకటి అనేవి పేర్లు కావని చాలామంది గమనించరు. ఆసుపత్రి ఓపీ దగ్గర ఇచ్చే టోకెన్ లాంటివవి. ముందొచ్చినవారికి ముందు నంబరు. రేపు అదే మనిషి వస్తే అదే టోకెన్ రావాలని రూలేమీ లేదు. కెర్నల్ (పరికరాలతో నేరుగా మాట్లాడే లైనక్స్ గుండెకాయ) చేసేది కూడా ఇంతే: కొత్త పరికరం రాగానే ఖాళీగా ఉన్న నంబర్లలో చిన్నది చూసి ఇచ్చేస్తుంది.

మరి రెండు పరికరాలూ ఎప్పుడూ అవే సాకెట్లలో ఉన్నప్పుడు వరస ఎందుకు మారాలి? బూటయ్యేటప్పుడు ఒక్కో పరికరాన్నీ గుర్తించడానికి పట్టే సమయం ఒకేలా ఉండదు. సాకెట్లో ఏదో తగిలిందని హబ్ చెప్పాక, ఆ కనెక్షన్ కనీసం 100 మిల్లీసెకన్లు కదలకుండా నిలబడిందో లేదో కెర్నల్ చూస్తుంది. తర్వాత రీసెట్, అడ్రస్ ఇవ్వడం, పరికరం తన గురించి చెప్పుకునే వివరాలు చదవడం, సరిపడే డ్రైవర్ వెతకడం. ఒక కేబుల్లో ఎఫ్‌టీడీఐ చిప్, ఇంకోదాంట్లో సీహెచ్340 ఉంటే డ్రైవర్లు వేరు, టీటీవైయూఎస్‌బీ నంబర్ల వరస మాత్రం ఉమ్మడి. ఏ డ్రైవర్ మాడ్యూల్ ముందు లోడయితే దానికి సున్నా. కొన్ని మిల్లీసెకన్ల తేడాతో జరిగే పందెం ఇది, ఒక్కోసారి ఒక్కొక్కరు గెలుస్తారు.

నడుస్తుండగా జరిగేది ఇంకోటుంది, ఇదే ఎక్కువ ఏడిపిస్తుంది. పక్కనే మిక్సర్ మోటారో, ఫ్రిజ్ కంప్రెసరో ఆన్ అయినప్పుడు కేబుల్ ఒక క్షణం తెగి మళ్ళీ అతుక్కుంటుంది. అప్పుడు కెర్నల్ లాగులో "డిసేబుల్డ్ బై హబ్ (ఈఎంఐ?), రీ-ఎనేబ్లింగ్" అనే వరస కనిపిస్తుంది. (బ్యాంకు వాయిదా సంగతి కాదు, ఇది విద్యుదయస్కాంత జోక్యం. నెల నెలా వచ్చి ఏడిపించడంలో మాత్రం తేడా లేదు.) పరికరం పోయి సెకనులో తిరిగొచ్చింది కదా, మళ్ళీ సున్నాయే రావాలి. రాదు. ఎందుకంటే బిల్లింగ్ ప్రోగ్రాము పాత సున్నాను ఇంకా తెరిచే పట్టుకుని ఉంది. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేసినట్టు. మనిషి లేడు, సీటు మాత్రం ఖాళీ కాదు. ప్రోగ్రాము దాన్ని మూసేదాకా కెర్నల్ ఆ నంబరును ఇంకొకరికి ఇవ్వదు. తిరిగొచ్చిన కాటాకు తర్వాతి ఖాళీ నంబరు, అంటే 2 దొరుకుతుంది. ప్రోగ్రాము సున్నా దగ్గరే కూర్చుని ఉంటుంది. దాన్ని మూసి మళ్ళీ తెరిస్తే అసలు సున్నాయే ఉండదు.

ఇదంతా కెర్నల్ చేతగానితనం అనేవాళ్ళున్నారు. నేనలా అనుకోను. కౌంటరు మీద ఏది కాటా, ఏది డిస్‌ప్లే అన్నది కెర్నల్‌కు తెలిసే దారి లేదు. రెండింటి విషయంలోనూ దానికి కనిపించేది యూఎస్‌బీ-సీరియల్ చిప్ మాత్రమే. చిప్ వెనకాల తొమ్మిది పిన్నుల కనెక్టరుకు ఏం తగిలించారో చిప్‌కే తెలియదు. తెలిసిన మనిషి కొట్టు నడిపేవాడు, లేదా ఆ కంప్యూటర్ అమర్చినవాడు. కాబట్టి పేరు పెట్టే హక్కు, బాధ్యత రెండూ అతనివే. ఆపరేటింగ్ సిస్టమ్ చేయాల్సిందల్లా అతను పేరు పెట్టుకోవడానికి వీలివ్వడం, పెట్టాక దాన్ని నిలబెట్టడం.

లైనక్స్ ఇక్కడికి తిన్నగా రాలేదు. పాతరోజుల్లో /డెవ్‌లో ఉండే అవకాశమున్న ప్రతి పరికరానికీ ముందే ఒక ఫైలు చేసి పెట్టేవారు. రెడ్‌హ్యాట్ 9 అనే పాత లైనక్స్ విడుదలలో అలాంటివి 18 వేలకు పైగా ఉండేవి. 2000లో కెర్నల్‌లోకి డెవ్ఎఫ్ఎస్ వచ్చి, ఉన్న పరికరాలకే ఫైళ్ళు చేయడం మొదలుపెట్టింది, కానీ పేర్ల పద్ధతిని కెర్నల్ లోపలే పాతేసింది. 2003లో గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ యూడెవ్‌ను ముందుకు తెచ్చింది సరిగ్గా ఈ పద్ధతిని బయటికి లాగడానికే: పరికరం వచ్చిందని కెర్నల్ కబురు చెబుతుంది, దాన్ని ఏమని పిలవాలో బయట ఉండే ఒక ప్రోగ్రాము రూల్స్ చూసి తేలుస్తుంది. 2006లో 2.6.18 కెర్నల్‌తో డెవ్ఎఫ్ఎస్ పూర్తిగా పోయింది. 2012లో యూడెవ్ సిస్టమ్‌డీలో, అంటే బూటు నుంచీ సర్వీసులను లేపి నడిపే ప్రోగ్రాముల మూటలో కలిసింది.

ఇప్పుడున్న ఏర్పాటులో ఒక మెలిక ఉంది. నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్‌లను తప్పిస్తే యూడెవ్ పరికరం అసలు పేరును మార్చదు, మార్చనివ్వదు. పక్కన ఒక మారుపేరును, అంటే సింబాలిక్ లింకును తగిలిస్తుంది. రేషన్ కార్డులో వెంకట సత్యనారాయణ, వీధిలో బుజ్జి అన్నట్టు. ఈ ఏర్పాటు నాకు నచ్చింది. లాగులు చదివేటప్పుడు కార్డులోని పేరు, ప్రోగ్రాముకు చెప్పేటప్పుడు వీధి పేరు. రెండూ కావాలి.

ఎవరా, ఎక్కడా?

మారుపేరు తగిలించాలంటే పరికరాన్ని గుర్తుపట్టాలి. యూఎస్‌బీ పరికరం తన గురించి మూడు ముక్కలు చెబుతుంది: తయారీదారు నంబరు, మోడల్ నంబరు, సీరియల్ నంబరు. మొదటిది ఇంటిపేరు లాంటిది, రెండోది వాళ్ళింట్లో ఎన్నో వాడన్నట్టు. ఎఫ్‌టీడీఐ ఎఫ్‌టీ232ఆర్ చిప్ అయితే 0403:6001. సిలికాన్ ల్యాబ్స్ సీపీ2102 అయితే 10సీ4:ఈఏ60. చవక బోర్డులన్నిటి మీదా కనిపించే సీహెచ్340 అయితే 1ఏ86:7523.

ఈ రెండు నంబర్లతోనే మనిషిని పట్టుకోవాలని చూస్తే ఏమవుతుందో ఉబుంటు 22.04 చూపించింది. ఆర్డుయినో అనే చిన్న ప్రయోగాల బోర్డుకు చవక నకలు గుచ్చగానే టీటీవైయూఎస్‌బీ0 వచ్చి మరుక్షణం మాయం. కారణం బీఆర్ఎల్‌టీటీవై అనే ప్రోగ్రాము. అది చూపులేనివారి బ్రెయిలీ డిస్‌ప్లేలను నడిపేది. ఒక బ్రెయిలీ పరికరంలో కూడా ఇదే 1ఏ86:7523 చిప్ ఉంది కనుక, ఆ నంబరు కనబడితే చాలు అది తనదేనని లాగేసుకునేది. ఫోరాల్లో అందరూ దాన్ని పీకి పారేయమన్నారు, బ్రెయిలీ వాడని ఇంట్లో అది తేలిక మార్గమే. కానీ తప్పు ఆ ప్రోగ్రాముది అనేకన్నా ఇంటిపేరు చూసి మనిషిని ఖరారు చేసే పద్ధతిది అనడం న్యాయం. మొబైల్ డేటా మోడెమ్‌లను నడిపే మోడెమ్‌మేనేజర్ కూడా ఇదే జాతి పని చేస్తుంది. దాని పాత వెర్షన్లు, కొన్ని అమరికలు కొత్త సీరియల్ పోర్టు కనబడగానే మోడెమ్ ఏమోనని ఏటీ కమాండ్లు (మోడెమ్‌లకు ఇచ్చే ఆజ్ఞలు) పంపి పలకరిస్తాయి. కాటాలాంటివి ఈ పలకరింపుకు బిత్తరపోతాయి. దాన్ని ఆపడానికి రూల్‌లో ఐడీ_ఎంఎం_డివైస్_ఇగ్నోర్ అనే గుర్తుకు 1 విలువ పెడితే చాలు, మోడెమ్‌మేనేజర్‌ను తీసేయక్కర్లేదు.

మిగిలింది సీరియల్ నంబరు. ఇక్కడే తయారీదారుల పిసినారితనం బయటపడుతుంది. యూఎస్‌బీ నియమాల్లో సీరియల్ నంబరు చాలా రకాల పరికరాలకు తప్పనిసరి కాదు. పెన్‌డ్రైవ్ లాంటి నిల్వ పరికరాల బల్క్-ఓన్లీ నియమావళి మాత్రం కనీసం 12 అంకెల సీరియల్ ఉండాలనీ, ఒకే మోడల్లో చివరి 12 అంకెలు ఏ రెండింటికీ కలవకూడదనీ చెబుతుంది. సీరియల్ కేబుళ్ళకు ఆ కట్టుబాటు లేదు. ఎఫ్‌టీ232ఆర్ లోపల చిన్న మెమరీ ఉండి, ఫ్యాక్టరీలోనే ఒక్కోదానికి ఒక్కో సీరియల్ పడుతుంది. సీపీ2102లోనూ చోటుంది, కానీ చవక బోర్డులు చాలావాటిలో అందరికీ 0001 అనే ఉంటుంది. సీహెచ్340జీకి అసలు సీరియలే లేదు. రెండు సీపీ2102 బోర్డులు కొని, రెండూ 0001 అని చెప్పుకుంటుంటే, అది సీరియల్ లేకపోవడం కన్నా ప్రమాదం. లేనిది లేదని తెలుస్తుంది, ఉన్నది ఉందని నమ్ముతాం.

ఒకే పేరు ఇద్దరికి ఉంటే మన ఊళ్ళలో ఏం చేస్తారు? చెరువుగట్టు వెంకటేశ్వర్లు, బడివీధి వెంకటేశ్వర్లు. చోటు పట్టి చెబుతారు. యూడెవ్‌లోనూ అదే రెండో దారి: ఏ కంట్రోలర్, ఏ సాకెట్, ఏ హబ్బులో ఎన్నో రంధ్రం.

అయితే సీరియల్ లేనప్పుడే చోటు చూడాలి, ఉంటే సీరియలే గొప్ప అని సాధారణంగా చెప్పే మాటతో నాకు పేచీ ఉంది. నన్నడిగితే ప్రశ్న వేరు: రేపు ఈ పరికరం కాలిపోయి కొత్తది తెచ్చి పెడితే, పాత పేరు కొత్తదానికి రావాలా, వద్దా?

కొట్టులో రావాలి. పిడుగుపాటుకు కేబుల్ పోతుంది, కుర్రాడు బజారుకెళ్ళి అలాంటిదే ఇంకోటి తెచ్చి గుచ్చుతాడు. కాటా వెంటనే పలకాలి. సీరియల్ నంబరు మీద రూల్ రాసి ఉంటే పలకదు, ఎవరో వచ్చి రూల్ దిద్దాలి. అక్కడ పేరు చోటుదే. ఎఫ్‌టీడీఐ చిప్‌లో బంగారంలాంటి సీరియల్ ఉన్నా సరే, చోటే వాడండి. దీనికి తిరగబడ్డ సందర్భం ఉష్ణోగ్రత కొలిచే ప్రోబులు. ఒక్కో ప్రోబుకు ఒక్కో క్యాలిబ్రేషన్ సవరణ ఉంటుంది, ఆ సవరణ ప్రోబుతోపాటు నడవాలి, సాకెట్టుతో కాదు. అక్కడ ప్రోబును ఏ రంధ్రంలో పెట్టినా అదే పేరు రావాలి, కొత్త ప్రోబు వస్తే పాత పేరు రాకూడదు. సీరియల్ లేని చిప్‌తో వచ్చిన ప్రోబును అలాంటి పనికి కొనకూడదు. ఇది సాఫ్ట్‌వేర్‌తో తీరే సమస్య కాదు, కొనేటప్పుడే తీరాలి.

సీపీ2102 అయితే 0001ను మీరే మార్చుకోవచ్చు, లోపలి మెమరీని మళ్ళీ రాయనిస్తుంది. దాని తమ్ముడు సీపీ2104లో మాత్రం ఒక్కసారే రాసే మెమరీ ఉంటుంది కాబట్టి ఒకటికి రెండుసార్లు చూసుకుని రాయండి. ఎఫ్‌టీడీఐ చిప్‌లకు విండోస్‌లో ఎఫ్‌టీ_ప్రోగ్, లైనక్స్‌లో ఎఫ్‌టీడీఐ_ఈఈప్రామ్ పనిముట్లు ఉన్నాయి.

యూడెవ్ తనంతట తానే రెండు రకాల మారుపేర్లూ తయారు చేసి పెడుతుంది. /డెవ్/సీరియల్/బై-ఐడీ లోపల ఎవరన్నదాన్ని బట్టి, /డెవ్/సీరియల్/బై-పాత్ లోపల ఎక్కడన్నదాన్ని బట్టి. చాలా పనులకు ఇవే సరిపోతాయి, రూల్ రాసే పనే లేదు. కానీ రెండు సీహెచ్340 కేబుళ్ళున్న చోట బై-ఐడీ వాడితే బోర్లా పడతారు. సీరియల్ లేదు కనుక రెండూ ఒకే మారుపేరు అడుగుతాయి. లింకు ఒక్కటే కాబట్టి ఒకరికే దక్కుతుంది. దక్కినవాడి కేబుల్ పీకితే యూడెవ్ ఆ లింకును మర్యాదగా రెండోవాడికి తిప్పేస్తుంది. కాటా కేబుల్ ఊడిపోతే కాటా అనే పేరు డిస్‌ప్లే వైపు చూస్తుందన్నమాట. మొదట చెప్పిన గొడవే, ఈసారి నిలకడైన పేరు అనే ముసుగులో.

రెండు సీహెచ్340లకు రూల్ రాద్దాం

ముందు కాటా ఒక్కటే గుచ్చి, కెర్నల్ లాగును తెరిచి ఉంచి ఏ నంబరు వచ్చిందో చూడండి. టీటీవైయూఎస్‌బీ0 వచ్చిందనుకుందాం. యూడెవ్ఏడీఎం కమాండుకు ఇన్ఫో అని చెప్పి, ఆ పరికరం పేరిస్తే దాని లక్షణాల చిట్టా వస్తుంది. అందులో ఐడీ_పాత్ అనే వరస వెతకండి. సాధారణంగా ఇంటెల్ కంప్యూటర్లలో పీసీఐ-0000:00:14.0-యూఎస్‌బీ-0:1.2:1.0 లాంటిది ఉంటుంది. దీన్ని ఎడమ నుంచి చదివితే: పీసీఐ మీద 14.0 దగ్గరున్న యూఎస్‌బీ కంట్రోలర్, దాని 1వ సాకెట్లో ఒక హబ్, ఆ హబ్బులో 2వ రంధ్రం, పరికరపు 1వ కాన్ఫిగరేషన్లో 0వ ఇంటర్‌ఫేస్. ఇది కాగితం మీద రాసుకోండి. కాటా పీకి, డిస్‌ప్లేను పక్క రంధ్రంలో గుచ్చి మళ్ళీ చూడండి. 1.2 ఉన్నచోట 1.3 రావాలి.

ఇప్పుడు /ఈటీసీ/యూడెవ్/రూల్స్.డీ ఫోల్డర్‌లో 70-కొట్టు.రూల్స్ అనే ఫైలు. ఇక్కడ తెలుగులో రాస్తున్నా, ఫైల్లో అన్నీ ఇంగ్లిష్ అక్షరాలే. ఒక్కో పరికరానికి ఒక్క వరస. ముందు షరతులు: సబ్‌సిస్టమ్ == "టీటీవై", ఎన్వ్‌లోని (ఇందాకటి లక్షణాల చిట్టాలోని) ఐడీ_పాత్ == ఇందాక రాసుకున్న పొడుగు పేరు. తర్వాత చేయాల్సిన పని: సిమ్‌లింక్ += "కాటా". మధ్యలో కామాలు. రెండో వరస 1.3తో, "డిస్‌ప్లే" పేరుతో. అంతే.

70 అనే అంకెకు అర్థముంది. రూల్స్ ఫైళ్ళు పేర్ల వరస ప్రకారం నడుస్తాయి. సీరియల్ పోర్టులకు ఐడీ_పాత్‌ను కనుక్కునే పని 60-సీరియల్.రూల్స్‌లో జరుగుతుంది. మీ ఫైలు 50తో మొదలైతే అప్పటికి ఐడీ_పాత్ పుట్టనే లేదు, షరతు కలవదు, తప్పని కూడా ఎవరూ చెప్పరు. అలాగని నెట్లో అందరూ రాసినట్టు 99 పెడితే మారుపేరు వస్తుంది కానీ, కూర్చున్న యూజర్‌కు అనుమతినిచ్చే యూయాక్సెస్ ట్యాగు పనిచేయదు. ఆ ట్యాగులను చదివే ఫైలు 73వది. అందుకే 60కీ 73కీ నడుమ.

ఫైలు దాచాక యూడెవ్ఏడీఎం కంట్రోల్‌తో రూల్స్‌ను మళ్ళీ చదివించి, కేబుల్ పీకి గుచ్చండి. /డెవ్/కాటా ఎటు చూస్తోందో ఎల్ఎస్ కమాండుతో చూడండి. తర్వాత కావాలనే వరస తిప్పి, ముందు డిస్‌ప్లే, తర్వాత కాటా గుచ్చి చూడండి. నంబర్లు తారుమారవ్వాలి, మారుపేర్లు చెక్కుచెదరకూడదు.

రాకపోతే ఎక్కువసార్లు కారణం సమానం గుర్తే. షరతుకు రెండు గీతల జంట (==) ఉండాలి. ఒక్కటే (=) పెడితే అడగడం పోయి అంటగట్టడం అవుతుంది. సిమ్‌లింక్ దగ్గర += బదులు = పెట్టారనుకోండి, మీ పేరు వస్తుంది, అప్పటిదాకా చేరిన బై-ఐడీ, బై-పాత్ పేర్లు మాత్రం ఎగిరిపోతాయి. వాటిని నమ్ముకున్న ఇంకో ప్రోగ్రాము ఉంటే దాని నోట్లో మట్టి. రెండో కారణం అక్షరాల సైజు. విండోస్ డివైస్ మేనేజర్ తయారీదారు నంబరును పెద్ద అక్షరాలతో చూపిస్తుంది, లైనక్స్ చిన్న అక్షరాలతో దాచుకుంటుంది. పోలిక అక్షరం అక్షరం జరుగుతుంది కాబట్టి విండోస్‌లో చూసి కాపీ చేసిన నంబరు కలవదు.

మూడోది పుస్తకం చూసి రాసేవాళ్ళు కూడా జారిపడే చోటు. యూడెవ్ఏడీఎం ఇన్ఫోకు -ఏ చేర్చి అడిగితే పరికరాన్నీ, దాని తల్లినీ, అమ్మమ్మనూ, ఆపై తరాలనూ వరసగా చూపిస్తుంది. ఆ చిట్టాలోని గుణాలను పోల్చే యాట్రిబ్యూట్స్ షరతులు ఆ తరాల్లో ఏదో ఒక్కదానిలోనే కలవాలి. ఒకటి తల్లి నుంచీ ఒకటి అమ్మమ్మ నుంచీ ఏరుకొస్తే కుదరదు. రెండు పోర్టులున్న ఎఫ్‌టీ2232హెచ్ చిప్‌కు ఇది సరిగ్గా తగులుతుంది: ఎన్నో పోర్టన్న అంకె ఇంటర్‌ఫేస్ తరంలో ఉంటుంది, సీరియల్ నంబరు దాని పై తరంలో. రెండూ ఒకే వరసలో రాస్తే ఎప్పటికీ కలవవు. దారి ఏమిటంటే, ఐడీ_సీరియల్_షార్ట్, ఐడీ_యూఎస్‌బీ_ఇంటర్‌ఫేస్_నమ్ అనే ఎన్వ్ విలువలు రెంటినీ పరికరం దగ్గరికే దించి పెడతాయి, వాటిని అడగాలి.

చోటును నమ్ముకునేవాళ్ళకూ గోతులున్నాయి. నీలం రంగు యూఎస్‌బీ 3 సాకెట్టుకు లోపల రెండు బస్సులుంటాయి (ఆర్టీసీవి కావు, డేటా నడిచే దారులు). నెమ్మది పరికరం పెడితే ఒక బస్సు, వేగవంతమైనది పెడితే ఇంకో బస్సు. బస్సు నంబరుతో 1-1.2 అని రాసే చిన్న దారి చాలాచోట్ల కనిపిస్తుంది. కంట్రోలర్లు రెండున్న కంప్యూటర్లో వాటిని కనుక్కునే వరస మారితే ఆ మొదటి 1 కాస్తా 3 కావచ్చు, అందుకే పీసీఐ నుంచి మొదలయ్యే పొడుగు పేరే మేలు. ఏడు రంధ్రాల హబ్బులు చాలావాటిలో నాలుగేసి రంధ్రాల చిప్‌లు రెండు ఒకదానికింద ఒకటి ఉంటాయి. బయటికి వరసగా కనబడే రంధ్రాలకు లోపల 1.1, 1.2, 1.3, ఆ తర్వాత 1.4.1 అని వస్తుంది. ఊహించి రాయొద్దు, ఒక్కోదాన్నీ గుచ్చి చూసి రాయండి.

పేరు నిలబడ్డాక కూడా ప్రోగ్రాము చెడగొట్టగలదు. కేబుల్ ఊడి వచ్చాక పాత తువ్వాలు తీసి, /డెవ్/కాటాను మళ్ళీ తెరవడం దాని పని. అది చేతకాని ప్రోగ్రామయితే సిస్టమ్‌డీకి అప్పజెప్పండి: సర్వీసు ఫైల్లో బైండ్స్‌టూ, ఆఫ్టర్ రెండింటికీ డెవ్-కాటా.డివైస్ అని పెడితే పరికరం పోగానే సర్వీసు ఆగుతుంది, వాంటెడ్‌బై కూడా అదే పెట్టి ఎనేబుల్ చేస్తే తిరిగి రాగానే మొదలవుతుంది. యూడెవ్ రూల్‌లోనే రన్ అని పెట్టి ప్రోగ్రామును లేపే అలవాటు మానుకోవాలి. ఈవెంట్ ముగియగానే యూడెవ్ అలాంటివాటిని చంపేస్తుంది. డాకర్ వాడేవాళ్ళకు ఇంకో మాట: మారుపేరును కంటైనర్ మొదలయ్యేటప్పుడు ఒక్కసారే చూస్తుంది. తర్వాత నంబరు మారినా లోపలివాళ్ళకు తెలియదు, కంటైనర్‌ను మళ్ళీ లేపాల్సిందే.

మిగతా పరికరాలు

డిస్కుల కథ చిన్నది. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ కూడా టోకెన్లే, ఏ డిస్కును ఎక్కడ తగిలించాలో చెప్పే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్లో యూయూఐడీ, అంటే డిస్కులోనే రాసి ఉండే పొడుగు గుర్తింపు నంబరు రాయడం అందరికీ అలవాటైంది. బయటి డిస్కుకు నోఫెయిల్ కూడా రాయండి. లేకపోతే అది లేని రోజున బూటు 90 సెకన్లు ఎదురు చూసి ఎమర్జెన్సీ మోడ్‌లో కూలబడుతుంది. డీడీ కమాండుతో డిస్కును క్లోన్ చేస్తే యూయూఐడీ కూడా క్లోన్ అవుతుంది, ఆ ఇద్దరినీ ఒకేసారి తగిలించకండి.

వెబ్‌క్యామ్‌లు రెండున్నవాళ్ళు వీడియో0, వీడియో1 అనుకుంటారు, 1 దగ్గర బొమ్మ రాదు. 4.16 కెర్నల్ నుంచి ఒక్కో కెమెరా రెండేసి ఫైళ్ళు తీసుకోగలదు, బొమ్మకొకటి, మెటాడేటాకొకటి (బొమ్మ గురించిన వివరాలకు). రూల్ రాసేటప్పుడు ఇండెక్స్ == "0" అనే షరతు చేర్చకపోతే మారుపేరు మెటాడేటా వైపు తిరిగే ప్రమాదం ఉంది.

నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్‌ల దగ్గర మాత్రం నేను సిస్టమ్‌డీతో సగం దూరమే వెళ్తాను. 2013లో 197వ విడుదలతో ఈటీహెచ్0 లాంటి టోకెన్ పేర్లను పక్కనపెట్టి, ఊహించదగ్గ పేర్లు తెచ్చారు. డెబియన్, ఉబుంటుల్లో యూఎస్‌బీ వైఫై డాంగిల్ పెడితే డబ్ల్యూఎల్ఎక్స్ అనే మూడక్షరాల వెనక 12 అంకెల మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ పరికరం చెప్పుకునే గుర్తింపు నంబరు) అతికించి పేరు వస్తుంది. మొత్తం 15 అక్షరాలు, కెర్నల్ ఒప్పుకునే గరిష్ఠం కూడా సరిగ్గా 15. నిలకడగా ఉంది, నిజమే. ఫోన్లో ఎవరికైనా చదివి చెప్పండి చూద్దాం. మనిషి పలకలేని పేరు స్క్రిప్టులో తప్పుగా టైపవుతుంది. పైగా కరెంటుతోపాటు ఇంటర్నెట్ పోయిందని ఫోన్‌తో యూఎస్‌బీ టెథరింగ్ చేస్తే, చాలా ఫోన్లు కలిపిన ప్రతిసారీ కొత్త మ్యాక్ చెబుతాయి. అప్పుడు ఈ నిలకడైన పేరు కూడా రోజుకొకటి. మందు చిన్నదే: /ఈటీసీ/సిస్టమ్‌డీ/నెట్‌వర్క్‌లో 10తో మొదలయ్యే ఒక .లింక్ ఫైలు, మ్యాచ్ కింద పాత్, లింక్ కింద నేమ్‌గా "ఫోన్". ఇక్కడా మళ్ళీ అదే ప్రశ్న, ఆ ఫోనా, ఆ సాకెట్టా?

విండోస్ ఈ ప్రశ్నను మిమ్మల్ని అడగకుండానే తేల్చేస్తుంది. పరికరానికి సీరియల్ ఉంటే కామ్ నంబరు (సీరియల్ పోర్టుకు విండోస్ పెట్టే పేరు) పరికరాన్ని అంటిపెట్టుకుంటుంది, లేకపోతే సాకెట్టును. అందుకే ఎఫ్‌టీడీఐ కేబుల్ ఎక్కడ గుచ్చినా కామ్5, సీహెచ్340 రంధ్రం మారిస్తే కామ్6. వాడేవాళ్ళకేమో విండోస్ పిచ్చిపిచ్చిగా చేస్తోందనిపిస్తుంది. ఇచ్చిన నంబరు పరికరం పోయినా వెనక్కి రాదు. రోజూ కొత్త బోర్డులు పరీక్షించే బల్ల మీద కామ్40 దాటడం వింత కాదు, పాత ప్రోగ్రాములకు కామ్9 దాటితే నోరు పడిపోతుంది, ఎందుకంటే 10 నుంచి పేరు ముందు \\.\ చేర్చి తెరవాలి. డివైస్ మేనేజర్‌లో దాగి ఉన్న పరికరాలను చూపించమని, బూడిద రంగులో కనిపించే పాతవాటిని తొలగిస్తే నంబర్లు ఖాళీ అవుతాయి. రకరకాల ఎఫ్‌టీడీఐ బోర్డులు పరీక్షించేచోట రిజిస్ట్రీలోని యూఎస్‌బీఫ్లాగ్స్ కింద ఇగ్నోర్‌హెచ్‌డబ్ల్యూసెర్‌నమ్ వెనక 04036001 చేర్చి 01 పెడితే, సీరియల్‌ను లెక్కచేయకుండా సాకెట్టునే చూస్తుంది. ఈ మీట అందరికీ కనిపించేచోట, డివైస్ మేనేజర్‌లోనే ఉండాల్సింది.

మళ్ళీ కొట్టుకు వస్తే, చోటును బట్టి పేరు పెట్టాక ఆ చోటు మనిషికీ కనబడాలి. హబ్ మీద పర్మనెంట్ మార్కర్‌తో రంధ్రాల పక్కనే కాటా, డిస్‌ప్లే అని రాయండి, కేబుళ్ళ తలకాయలకూ అవే మాటలతో టేపు చుట్టండి. హబ్ నుంచి కంప్యూటర్‌కు వెళ్ళే తీగను, కంప్యూటర్ వెనక అది ఉన్న సాకెట్టును కూడా గుర్తు పెట్టాలి, ఎందుకంటే హబ్బును పక్క సాకెట్లోకి మారిస్తే 1.2 కాస్తా 4.2 అయి రెండు పేర్లూ ఒకేసారి మాయమవుతాయి. క్యాబినెట్ లోపలి వైపు ఒక చీటీ అంటించి, రూల్స్ ఫైలు పేరు, రెండు పాత్‌లు, తేదీ రాసి ఉంచండి. తుడిచేటప్పుడు అన్నీ పీకి పెట్టే కుర్రాడికి చదవడానికి హబ్ మీది మాటలు చాలు. చీటీ ఆ తర్వాత వచ్చే మెకానిక్కుకు.